ఉక్కు పేరు తెలిసిన చాలదు, దాని వేడి తెలియవలెను
(ఒక వ్యవసాయాధికారి, బి.యస్సి. (ఏజి.))

వ్యవసాయ పత్రికలలో విత్తనమును గూర్చి, ఎరువును గూర్చి, చీడపీడలను గూర్చి వ్రాయుట పరిపాటి. ఇనుమును గూర్చి వ్రాయుట అరుదు. అది ఇంజనీర్ల పనియనియు, వ్యవసాయాధికారికి దానితో నిమిత్తము లేదనియు నా మిత్రులు కొందరనిరి. ఆ మాటతో నేను ఏకీభవింపజాలను. నేడు మన గ్రామములలో దుక్కి, దమ్ము, కోత, నూర్పిడి చాలవరకు యంత్రములే చేయుచున్నవి. ఎద్దు జబ్బుపడినచో పశువైద్యుని పిలుతుము. యంత్రపు షాఫ్టు విరిగినచో ఎవరిని పిలువవలెనో, ఏమి అడుగవలెనో మన రైతులలో చాలమందికి తెలియదు. కొన్ని సంవత్సరముల క్రిందట నాకును తెలియదు. ఆ తెలియనితనము వలన ఒక రైతుకు పదునొకండు దినములు నష్టము కలిగినది. అందులో నా పాలు కూడ ఉన్నది గనుక దానిని ముందుగా చెప్పెదను.

మూడు షాఫ్టుల కథ

నేను కాలువ క్రింది మండలములో పనిచేయుచుండగా, దమ్ము ముమ్మరముగా సాగు రోజులలో, ఒక రైతు రోటావేటరు షాఫ్టు విరిగినది. ట్రాక్టరు నుండి గేరుబాక్సులోనికి శక్తిని తీసికొనిపోవు ఆరు పళ్ల షాఫ్టు అది. అసలు భాగము ఊరిలో దొరకలేదు. తెప్పించుటకు వారము పట్టునని అంగడివారు చెప్పిరి. నారు అప్పటికే ముదురుచున్నది. రైతు రోడ్డుప్రక్కనున్న లేతు షాపునకు పోయి, అచట పడియున్న మామూలు మైల్డు స్టీలు కడ్డీతో కొత్త షాఫ్టు చేయించెను. కొలతలలో వెంట్రుకవాసి తేడా లేదు. రెండవ దినము సాయంత్రమునకే అది పేనిన త్రాడువలె మెలితిరిగిపోయినది.

అప్పుడాయన నా యొద్దకు వచ్చి, "ఏమండీ, ఇనుము ఇనుమే గదా! కంపెనీ వాళ్లది నాలుగేళ్లు ఆడింది, ఇదేంటి రెండు రోజులకే ఇట్లా అయింది?" అని అడిగెను. నేను ఎచటనో చదివిన జ్ఞాపకముతో, "ఇ.యన్. 19 అను ఉక్కు కడ్డీ కొని చేయించండి" అని చెప్పితిని. ఆయన నా మాట నమ్మి పట్టణమునకు పోయి, ఎక్కువ ధర యిచ్చి, ఆ కడ్డీయే తెచ్చెను. లేతు మీద తరిగించి, గట్టిపడవలెనని ఊరి కమ్మరి ఆచారిగారి కొలిమిలో ఎర్రగా కాల్పించి నీటి తొట్టిలో ముంచించెను. అది అరగంట కూడ ఆడలేదు. గాజు కడ్డీవలె ఫటాలున తెగినది. తెగిన చోట చూడగా పళ్ల మొదట ఒక సన్నని నల్లని బీట కనబడెను. పొలములోనికి దిగకముందే, నీటి తొట్టిలోనే అది చీలియున్నదన్నమాట.

మూడవ షాఫ్టును పట్టణములో ఉక్కునకు వేడిచికిత్స చేయు కొలిమి యొకదానిలో సరియైన పద్ధతిని చేయించితిమి. అది ఆ సార్వా గడిపినది, దాని తరువాతి దాళ్వా కూడ గడిపినది. రెండవదియు మూడవదియు ఒకే కడ్డీ నుండి కోసిన తునకలే. లోహము ఒకటే, తరిగినవాడు ఒకడే. తేడా అంతయు వేడిలోనే ఉన్నది. నేను ఉక్కు పేరు చెప్పితిని గాని దాని వేడి చెప్పలేదు. సగము చెప్పిన సలహా అసలు చెప్పనిదానికంటె చెరుపు చేసినది.

ఈ ఉక్కు ఎట్టిది?

ఇ.యన్. 19 అనునది బ్రిటిషువారి పాత ప్రమాణములలోని పేరు. మన లేతు షాపులలోను, ఇనుప అంగళ్లలోను నేటికిని ఈ పేరే వాడుక. అమెరికావారి 4140 అనునదియు దాదాపు ఇదే జాతి. దీనిలో నూటికి 0.4 పాళ్ల దరిదాపుగా బొగ్గుపదార్థమును, సుమారు 1 పాలు క్రోమియమును, 0.2 నుండి 0.35 పాళ్ల వరకు మాలిబ్డినమును ఉండును. కొద్దిగా మాంగనీసు కూడ ఉండును. మిగిలినదంతయు దాదాపు ఇనుమే.

ఇంత కొద్ది పాళ్లు ఏమి చేయగలవని అనుకొనరాదు. మామూలు ఉక్కును కాల్చి ముంచినచో పైపొర మాత్రమే గట్టిపడును. మందపు కడ్డీలో లోపలి భాగము మెత్తగానే ఉండిపోవును. క్రోమియమును మాలిబ్డినమును కలిసిన ఉక్కు, నీటిలో గాక నూనెలో నిదానముగా చల్లార్చినను, చాల లోతువరకు గట్టిపడును. నిదానముగా చల్లార్చుటచే బీటలు వారు ప్రమాదము తగ్గును. మాలిబ్డినము చేయు మేలు మరియొకటి కలదు. కొన్ని మిశ్రమ ఉక్కులు గట్టిపరచిన పిమ్మట తిరిగి వేడిచేయునపుడు ఒక మోస్తరు వేడిలో పెళుసుబారును. మాలిబ్డినము ఆ గుణమును అణచును. అందుచేత ఈ ఉక్కు బలముగాను ఉండును, దెబ్బకు ఓర్చునదిగాను ఉండును. మెలిపెట్టు శక్తికి, మాటిమాటికి తగులు దెబ్బలకు నిలువవలసిన క్రాంకు షాఫ్టులు, యాక్సిలు షాఫ్టులు, కనెక్టింగు రాడ్లు, హెచ్చు బలము గల బోల్టులు మొదలగునవి ఈ జాతి ఉక్కుతో చేయుటకు ఇదియే కారణము.

బలములో తేడా ఎంతో అంకెలలో చూడుడు. మైల్డు స్టీలు చదరపు మిల్లీమీటరుకు సుమారు 25 కిలోల లాగుడు వద్ద సాగి, మరల యథాస్థితికి రాకుండ పోవును. సుమారు 42 కిలోల వద్ద తెగును. ఇ.యన్. 19 ఉక్కు మెత్తబరచిన స్థితిలో సుమారు 65 కిలోల వద్ద తెగును. అదే ఉక్కును సరిగా గట్టిపరచి మరల వేడిచేసినచో 87 నుండి 102 కిలోల వరకు తట్టుకొనును, సుమారు 69 కిలోల వరకు సాగక నిలుచును. కావున కొన్న కడ్డీని కొన్నట్లే తరిగి వాడినచో, దాని ధర చెల్లించియు దాని బలము పొందనట్లే.

రెండు అపోహలను కూడ తొలగింపవలెను. ఈ ఉక్కులో క్రోమియము ఉన్నది గనుక తుప్పు పట్టదని కొందరు అంగడివారు చెప్పుదురు. అది నిజము కాదు. తుప్పు పట్టని ఉక్కునకు క్రోమియము నూటికి పదిపాళ్లకు మించి ఉండవలెను. దీనిలో ఉన్నది ఒక పాలే. కావున గ్రీజు, రంగు తప్పవు. ఇక రెండవది, ఈ ఉక్కు బరువుకు వంగదనుట. లోపలి బిగువు, అనగా కొద్దిపాటి బరువుకు వంగి మరల లేచు గుణము, అన్ని ఉక్కులకును దాదాపు ఒకటే. సన్నని షాఫ్టు వంగుచున్నచో ఉక్కు మార్చిన ప్రయోజనము లేదు, మందము పెంచవలెను.

పొలములో లెక్క

మైల్డు స్టీలు షాఫ్టు ఎందుకు మెలితిరిగెనో చిన్న లెక్కతో తెలియును. ట్రాక్టరు వెనుక షాఫ్టు నిమిషమునకు 540 సార్లు తిరుగుచు 40 గుర్రపుశక్తి ఇచ్చుచున్నదనుకొందము. అప్పుడు దాని మెలి, ఒక మీటరు పొడవు గల గడ్డపార చివర 54 కిలోల బరువు వ్రేలాడదీసినంత. పళ్ల అడుగున షాఫ్టు మందము సుమారు 30 మిల్లీమీటర్లు. ఆ చోట చదరపు మిల్లీమీటరుకు సుమారు 10 కిలోల కోత పడును. మైల్డు స్టీలు ఇట్టి కోతకు సుమారు 15 కిలోల వరకు లొంగదు. కావున చదునైన నేలలో అది పనిచేయుచునే ఉండును. అందుచేతనే మొదటి దినము ఆయన సంతోషించెను.

కాని పొలము చదునుగా ఉండదు. కత్తికి రాయి తగిలినను, తుమ్మ వేరు చిక్కినను ఆ మెలి ఒక్కసారిగా రెండింతలు, మూడింతలు కావచ్చును. మూడింతలైన 30 కిలోలు. మైల్డు స్టీలు ఓర్వలేదు. వేడిచికిత్స పొందిన ఇ.యన్. 19 సుమారు 40 కిలోల వరకు ఓర్చును. కంపెనీ షాఫ్టు నాలుగేండ్లు ఆడుటలోని రహస్యము ఇంతే.

వేడి యొక్క క్రమము

సమ్మెటతో గాని, యంత్రపు దెబ్బతో గాని ఉక్కును సాగగొట్టి రూపము తెచ్చుటను ఫోర్జింగు అందురు. కర్రను చీల్చినపుడు నార కనబడునట్లు, సాగగొట్టిన ఉక్కులో లోపలి పొరలు వస్తువు వంపును అనుసరించి పోవును. మందపు దిమ్మెను తరిగి అదే వంపు తీసినచో ఆ పొరలు అడ్డముగా తెగిపోవును. అందుచే దెబ్బలు తగులు భాగములను సాగగొట్టి చేయుటే మేలు.

ఈ ఉక్కును సుమారు 1200 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడిచేసి సాగగొట్టవచ్చును. 900 డిగ్రీలకు దిగజారకముందే ఆపి మరల కొలిమిలో పెట్టవలెను. చల్లారిన లోహమును బలవంతముగా కొట్టినచో లోపల చీలును. పని ముగిసిన పిమ్మట తడినేలపై పారవేయరాదు. వేడి బూడిదలోనో పొడి ఇసుకలోనో కప్పి మెల్లగా చల్లారనీయవలెను.

తరువాతిది గట్టిపరచుట. 840 నుండి 870 డిగ్రీల వరకు, లోపలి భాగము కూడ సమముగా కాగువరకు ఉంచి, నూనెలో ముంచవలెను. ఇట్లు ముంచిన ఉక్కు మిక్కిలి గట్టిగా ఉండును గాని మిక్కిలి పెళుసుగా కూడ ఉండును. దానిని అట్లే వాడరాదు, అట్లే రాత్రంతయు ఉంచనురాదు. చేతికి వెచ్చగా ఉండగనే టెంపరింగు అనెడి రెండవ వేడి పెట్టవలెను. షాఫ్టులకు 550 నుండి 650 డిగ్రీల మధ్య వేడి సరిపోవును. ఈ వేడి హెచ్చినకొలది గట్టితనము తగ్గి ఓర్పు పెరుగును. మా మూడవ షాఫ్టు కాఠిన్యము బ్రినెల్ కొలతలో 280 దరిదాపున వచ్చినది. ఆ మాత్రపు గట్టితనములో లేతు మీద మరల సన్నగా తరిగి కొలత సరిచేసికొనుటకు కూడ వీలగును.

ఇందులో ఆచారిగారి తప్పేమియు లేదని నా అభిప్రాయము. "బాబూ, నా చిన్నప్పటి నుంచి కర్రులు ఇట్లాగే ముంచుతున్నాను, ఒక్కటి పగల్లేదు" అని ఆయన బాధపడిరి. ఆయన మాట నిజము. పలుచని కర్రు మొనకు, మామూలు ఉక్కునకు, నీరే తగినది. ఆయన ఎరిగిన ఉక్కునకు ఆయన పద్ధతి సరియైనదే. కొత్త ఉక్కు ఆయన కొలిమికి వచ్చినది గాని దాని పద్ధతి వెంట రాలేదు. కంటిరంగుతో వేడిని పోల్చుటలో ఇంకొక చిక్కు కలదు. ఎండలో కాలిన ఇనుము నల్లగా కనబడి, ఇంకను కాల్చవలెననిపించును. మన పెద్దలు కొలిమిని నీడలో పెట్టుట ఊరకే కాదు.

ఉక్కు ఉక్కునకు వేడి వేరను సంగతి మనకు కొత్త కాదు. నిజామాబాదు జిల్లా కోనసముద్రములో 19వ శతాబ్దిలో కూడ మూసలలో ఉక్కు తీయుచుండిరి. దానికై పర్షియా వర్తకులు అంతదూరము వచ్చెడివారు. ఆ ఉక్కును తక్కువ వేడిలో ఓర్పుతో సాగగొట్టవలెను. వేడి మించినచో సమ్మెట దెబ్బకు పొడిపొడి అయ్యెడిది. అంత నేర్పు గల వృత్తివారి సంతతికి ఇ.యన్. 19 పద్ధతి నేర్చుట కష్టమా? నేర్పువారు లేకపోవుటయే లోపము.

వెల్డింగు వలని మోసము

విరిగిన షాఫ్టును గాని, ముందు చక్రపు ఇరుసును గాని వెల్డింగుతో అతికించుట మన ఊళ్లలో సర్వసాధారణము. మైల్డు స్టీలు భాగములకు అది చెల్లును. ఈ జాతి ఉక్కునకు చెల్లదు. వెల్డింగు వేడికి అతుకు ప్రక్కనున్న లోహము ఎర్రగా కాగి, చుట్టునున్న చల్లని ఇనుము వేడిని పీల్చివేయగా, నీటిలో ముంచినంత త్వరగా చల్లారును. అచట గాజువంటి పెళుసు పొర ఏర్పడును. తడిసిన వెల్డింగు కడ్డీలు వాడినచో వాటి తేమలోని ఉదజని లోహములో చేరి, వెంటనే గాక, ఒకటి రెండు దినముల తరువాత బీట పుట్టించును. సాయంత్రము అతికించినది చూచుటకు బాగుగనే ఉండును. మరుసటినాడో మూడవనాడో, ట్రాలీ నిండ బస్తాలు, వాటిపై కూలీలు ఉండగా, కాలువ గట్టు మీద అది తెగవచ్చును.

తప్పనిసరియైనచో అతుకుటకు ముందు ఆ భాగమును 200 నుండి 300 డిగ్రీల వరకు వేడిచేయవలెను. ఆరబెట్టిన తక్కువ ఉదజని కడ్డీలనే వాడవలెను. అతికిన పిమ్మట మెల్లగా చల్లార్చి మరల వేడిచికిత్స చేయవలెను. ఇన్ని చేయగల వసతి పల్లెలో ఉండదు. కావున స్టీరింగు, ముందు ఇరుసు, చక్రపు ఇరుసు మొదలైన ప్రాణముతో ముడిపడిన భాగములను అతికింపవద్దని, మార్చుడని నా గట్టి సలహా.

మెత్తనిదే మంచిదగు చోటు

ఇంతవరకు చదివి, అన్ని భాగములకును ఈ గట్టి ఉక్కే వాడవలెనని ఎవరైన అనుకొందురేమో! అది ఇంకొక పొరపాటు. మా రైతు రోటావేటరులో కంపెనీవారి షాఫ్టు మొదట ఎందుకు విరిగెనని తరువాత విచారించితిని. ట్రాక్టరునకు రోటావేటరునకు నడుమనుండు షాఫ్టులో తెగుటకై ఉంచిన మెత్తని బోల్టు ఒకటి ఉండును. రాయి తగిలినపుడు అది తెగి, తక్కిన యంత్రమును కాపాడును. మాటిమాటికి తెగుచున్నదని విసిగి, డ్రైవరు దాని స్థానములో తలపై 10.9 అని ముద్ర గల గట్టి బోల్టు బిగించెను. బోల్టు తెగుట మానినది, షాఫ్టు తెగినది. కొద్ది ధరకు వచ్చు బోల్టును కాపాడబోయి పదునొకండు దినములు పోగొట్టుకొన్నట్లయినది.

బోల్టు తలపై అంకెలను చదువుట రైతులు నేర్చుకొనదగినది. మొదటి అంకెను పదితో హెచ్చించినచో చదరపు మిల్లీమీటరుకు దాదాపు అన్ని కిలోల వద్ద అది తెగునని గుర్తు. 8.8 అనగా సుమారు 80 కిలోలు, 10.9 అనగా సుమారు 100 కిలోలు. ఆ అంకెలలో ఏది హెచ్చో అది మేలని కాదు. యంత్రముతో వచ్చిన పుస్తకములో ఏది వ్రాసిరో అదియే మేలు.

ఏమి చేయవలెను?

ఈ ఉక్కు ధర ఎక్కువ, వేడిచికిత్సకు మరల ఖర్చు, చిన్న రైతు భరింపగలడా అని అడుగువారు కలరు. ప్రశ్న సబబైనదే. ధర ఎక్కువ యన్నది నిజము. కాని మా రైతు ఒక షాఫ్టునకు గాను మూడు షాఫ్టుల మజూరీ ఇచ్చెను. దమ్ము ఆలస్యమై ముదురు నారు నాటెను. ముదురు నారు సరిగా పిలకలు వేయదని నేను వేరుగ చెప్పనక్కరలేదు. చవుక షాఫ్టు ఖరీదు అంగడిలో ఇచ్చిన సొమ్ముతో ముగియదు.

రైతులు చేయదగినవి సులభమైనవే. దమ్ముకు నెల ముందే షాఫ్టులను, బోల్టులను చూచుకొని, అరుగు కనబడిన భాగమునకు బదులు భాగము తెప్పించి ఉంచుకొనవలెను. లేతు మీద చేయించవలసి వచ్చినచో మూడు ప్రశ్నలు అడుగవలెను: ఇది ఏ ఉక్కు? వేడిచికిత్స ఎచట చేయింతురు? కాఠిన్యము ఎంత? మూడింటికిని జవాబు చెప్పలేని చోట ముఖ్యమైన భాగములు చేయింపరాదు. మెట్టు దిగు చోట మూల పదునుగా కాక గుండ్రముగా తరుగుమని కూడ చెప్పవలెను. పదును మూలలోనే బీట మొదలగును.

ప్రభుత్వపక్షమున చేయదగిన పనులు కూడ కలవు. అనంతపురము జిల్లా గార్లదిన్నెలోని వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థలో యంత్రములను పరీక్షించునపుడు రోటావేటరు కత్తుల లోహమును, కాఠిన్యమును కూడ చూతురు. కొత్త యంత్రపు కత్తికి ఉన్న పరీక్ష, విడిగా అమ్ము షాఫ్టునకు ఎందుకు ఉండరాదు? విడిభాగములు అమ్మువారు బిల్లుపై ఉక్కు జాతియు, కాఠిన్యమును వ్రాసియిచ్చుట విధిగా చేయవలెను. విత్తనపు సంచిపై మొలక శాతము లేనిదే మనము కొనుచున్నామా?

రెండవది, యంత్రములను బాడుగకిచ్చు కేంద్రములకు రాయితీ నిచ్చునపుడు, కొద్దిపాటి ముఖ్య విడిభాగములను నిలువ ఉంచవలెనను నియమము చేర్చవలెను. మూడవది, పాలిటెక్నిక్ కళాశాలల ప్రయోగశాలలలోని కాఠిన్యపు కొలత యంత్రములను దమ్ము, కోత కాలములలో వారమునకొక దినము రైతులకు, లేతు షాపులవారికి అందుబాటులో ఉంచవలెను. కళాశాల పిల్లలకు కూడ అది మంచి పాఠమగును. నాల్గవది, అన్నిటికంటె ముఖ్యమైనది, ఊరి కమ్మరులకు, వెల్డరులకు కొద్ది దినముల శిక్షణ. నూనె తొట్టి, వేడిని కొలుచు పరికరము, చిన్న విద్యుత్ కొలిమి, ఇవి మండలమునకొకటి ఉన్నను చాల పని జరుగును.

మా ఆచారిగారిని ఆ మూడవ షాఫ్టు చేయునపుడు పట్టణమునకు వెంటబెట్టుకొని పోయితిమి. కొలిమి వద్ద నిలిచి, నూనెలో ముంచిన షాఫ్టును మరల వేడి పెట్టుట చూచి ఆయన, "కాల్చి, చల్లార్చి, మళ్లీ కాల్చటమా! ఈ రెండో కాల్పు సంగతి మాకెవరు చెప్పారు బాబూ?" అనిరి. ఆ ప్రశ్న ఆ కొలిమివారిని అడిగినది కాదు. గ్రామములకు యంత్రములను సిఫారసు చేసిన మా బోటి వారిని అడిగినది. దానికి జవాబు చెప్పుట మన శాఖ పనియే యని నేను నమ్ముచున్నాను.